ముహూర్తమును మబ్బును

మా అమ్మాయి విమానము నడపుట నేర్చినదని చెప్పగానే మన వైపు బంధువులు అడుగు మొదటి ప్రశ్న "ఏ కంపెనీలో? జీతమెంత?" అని. కంపెనీయును లేదు, జీతమును లేదు. వారమునకు ఐదు దినములు కంప్యూటరు ముందు కూర్చుండి ఉద్యోగము చేసి, ఆరవ దినమున తాను గడించిన సొమ్ములోనే కొంత వెచ్చించి, నలుగురు మాత్రము పట్టు చిన్న విమానమును గంటల లెక్కన అద్దెకు తీసికొని, కొంతసేపు ఆకాశమున తిరిగి మరల నేలకు వచ్చును. మన యిండ్లలో వీణయో చిత్రలేఖనమో నేర్చుకొనునట్లు అమెరికాలో కొందరు దీనిని నేర్చుకొందురు. ఆమె కాపురము టెక్సాసు రాష్ట్రములో, డల్లాసు నగరమునకు ఉత్తరమున. రెండేండ్ల క్రిందట మేమును మావారును అచ్చటికి పోయి ఆఱు మాసము లుంటిమి. అప్పుడు జరిగిన సంగతి యొకటి, మాకు గౌరవము తెచ్చునది కాకపోయినను, సోదరీమణులతో చెప్పుకొనవలెనని చాల దినములనుండి మనస్సున నున్నది.

ఈ విద్య నేర్చుకొనుచున్నానని ఆమె మొదట ఫోనులో చెప్పిన నాడు మేము అన్నము ముట్టలేదు. కాపురము చేసికొను పిల్ల కిదేమి సరదా యని ఏడ్చితిమి. మావారు మాత్రము శాంతముగా, "1936వ సంవత్సరముననే లాహోరులో, తరువాత సరళా ఠుక్రాల్ అని పేరొందిన ఇల్లాలు, 21 ఏండ్ల వయస్సున, చీర కట్టుకొని, జిప్సీ మాత్ అను చిన్న విమానమును ఒంటరిగా నడిపినది. అప్పటికే ఆమెకు నాలుగేండ్ల కూతురు. నీ కూతురు చేయునది క్రొత్త పని కాదు" అనిరి. వినుటకు బాగుగనే యున్నది గాని, కడుపులోని భయము చరిత్ర చదివినంత మాత్రమున పోవునా?

అచ్చటికి చేరిన మొదటి శనివారమున ఆమె మమ్ము విమానక్షేత్రమునకు తీసికొని పోయెను. ఎక్కుటకు కాదు, చూచుటకు. సెస్నా 172 అనునది ఆ విమానము జాతి పేరు. 1956 నుండి అమ్మకమునకు వచ్చిన ఈ జాతి విమానములే లోకములో అన్నిటికంటె నెక్కువ సంఖ్యలో తయారైనవట. ఆ మాట విని కొంత ధైర్యము తెచ్చుకొంటిమి గాని, తలుపు పట్టి చూడగా మా యింటి పాత అంబాసిడరు కారు తలుపుకంటె పలుచన. వచ్చిన ధైర్యము వచ్చినట్లే పోయినది.

అయితే ఆమె చేయు పని చూచుచు నిలుచుండగా మాకు వేఱొక తలంపు కలిగినది. ఆమె చేతిలో నొక కాగితము. దానిలో నున్న పనులను ఒక్కొక్కటిగా పైకి చదువుకొనుచు విమానము చుట్టు ప్రదక్షిణము చేయసాగెను. రెక్క క్రింద నొక చోట నొక్కి, చిన్న గొట్టమువంటి పాత్రలోనికి కొంచెము ఇంధనము పట్టి, వెలుతురున కెత్తి చూచెను. అది బట్టలకు పెట్టు నీలిమందు నీళ్లవలె లేత నీలముగా నున్నది. ట్యాంకులోని గాలితేమ రాత్రి చలికి నీరై దిగునట. ఆ నీరు బరువు గనుక అడుగున నిలుచును. అది ఇంజనులోనికి పోయినచో ఇంజను ఆగును. రంగు వేఱుగా నున్నచో, పోయవలసినది గాక మఱియొకటి పోసినారని యర్థము. తరువాత మెట్టు వేసికొని పైకెక్కి, కిరసనాయిలు డబ్బాలో పుల్ల ముంచి చూచినట్లు ట్యాంకులో పుల్ల ముంచి చూచెను. "లోపల ముల్లు చూపుచునే యున్నది గదా" అంటిమి. "ముల్లు పొరబడవచ్చునమ్మా, పుల్ల పొరబడదు" అనెను. గమ్యము చేరిన పిదప గూడ పగలైనచో అరగంటసేపు, రాత్రియైనచో 45 నిమిషములు ఎగురుటకు చాలినంత ఇంధనము మిగులునట్లు లెక్క చూచుకొని బయలుదేరవలెనని అచ్చటి చట్టము. ఆమె తనకు తానుగా గంటసేపటికి చాలునంత నియమము పెట్టుకొన్నది.

"నూఱుసార్లు చేసిన పనికి మరల కాగిత మెందులకు?" అని యడిగితిమి. "సంకల్పము నోటికి వచ్చును గదా యని పురోహితుడుగారు పంచాంగము చూడకుండ తిథి చెప్పుదురా?" అని నవ్వెను.

లైసెన్సు సంగతియు అంత తేలిక కాదు. తక్కువలో తక్కువ 40 గంటలు ఎగిరి యుండవలెను. అందులో 10 గంటలు గురువు ప్రక్కన లేకుండ ఒంటరిగా. వైద్యుని పరీక్ష, వ్రాతపరీక్ష, నోటిపరీక్ష, పిమ్మట ఆకాశములో పరీక్ష. అన్నియు గడచిన పిదప గూడ, కడచిన 90 దినములలో మూడుసార్లు లేచి మూడుసార్లు దిగియుండనిచో ఇతరులను ఎక్కించుకొనరాదు. రెండేండ్లకొకసారి గురువు ప్రక్కన కూర్చుండి మరల ఒప్పించుకొనవలెను. పైగా బంధువులలో నొకరు పరిహాసముగా "టిక్కెట్టు పెట్టుము, మేమును వచ్చెదము" అనిరి గాని, ఈ తరగతి లైసెన్సుతో కిరాయి పుచ్చుకొనరాదట. కలసి పోయినవారు ఖర్చులో తమ వంతు ఇయ్యవచ్చును. నడపువారు తమ వంతుకు తక్కువ పెట్టుకొనరాదు.

ఒకనాడు ఆమెకు తుమ్ములు పట్టగా, అచ్చటి మందుల అంగడిలో దొరకు జలుబుమాత్ర ఒకటి ఇచ్చితిమి. పెట్టెమీది పేరు చదివి ప్రక్కకు పెట్టెను. డైఫెన్‌హైడ్రమిన్ అను మత్తుమందు అందులో నున్నదట. అది వేసికొన్న పిదప 60 గంటలు కడచువఱకు విమానము నడపవలదని అచ్చటి ప్రభుత్వ వైమానికశాఖవారు చెప్పుచున్నారట. శనివారపు షికారు కొఱకు గురువారమునుండి మిరియాల కషాయముతో సరిపెట్టుకొన్నది. ఇంత జాగ్రత్త గల పిల్లను గుఱించియా మేము ఏడ్చితిమని మాకు నవ్వు వచ్చినది. భయము సగము తీఱినది. తీఱుట మంచిదే గాని, ఆ చోటున మఱియొకటి వచ్చి కూర్చుండినది, అది గొప్ప.

మా అక్కగారి కుమారుడు హ్యూస్టనులో నుండును. క్రొత్త ఇల్లు కొనుక్కొని వైశాఖమున గృహప్రవేశమునకు ముహూర్తము పెట్టించుకొనెను. శనివారము ఉదయము 9 గంటల 50 నిమిషములకు. అక్కగారును మనదేశమునుండి వచ్చియుండిరి. డల్లాసునుండి హ్యూస్టనునకు సుమారు 240 మైళ్లు. కారులో నాలుగు గంటలకు పైబడును. చిన్న విమానములో రెండు గంటలు. అమ్మాయియే రెండు వారములు ముందుగా, "అమ్మా, ఆకాశము బాగున్నచో విమానములోనే పోదము" అనెను. "బాగున్నచో" అన్న మాట మా చెవి కెక్కలేదు. ఆ రాత్రియే అక్కగారికి ఫోను చేసితిమి. అక్కగారినుండి వార్త బంధువులందఱికిని చేరినది. కూతురు నడపు విమానమునుండి పట్టుచీరతో దిగు తల్లి యనిపించుకొనవలెనను కోరిక, నిజము చెప్పవలెనన్న, మా భయముకంటె బలమైనదిగా నుండెను.

ప్రయాణము అనుకొన్నది మొదలు ఆమె మా బరువు అడుగ మొదలుపెట్టినది. వయస్సు అడిగినను ఓర్చుకొందుము గాని బరువు అడిగిన ఎట్లు? తప్పక తూకపు యంత్రమెక్కితిమి. మావారు నవ్వుచుండగా వారిని గూడ ఎక్కించితిమి. తరువాత ఆవకాయ జాడీ, పూతరేకుల పెట్టె, చీరలు, అక్కగారి కోడలికి తెచ్చిన ఇత్తడి కుందుల జత అన్నియు తూకమునకు వచ్చినవి. వెనుక అరలో 120 పౌన్లకు, అనగా సుమారు 54 కిలోలకు మించి పెట్టరాదు. అది మించకపోయినను మనుష్యులు, ఇంధనము, సామాను కలసి మొత్తము హద్దులో నుండవలెను. ఎంత బరువో యనుటయే గాక ఎచ్చట నుంచిన బరువో కూడ లెక్క. వెనుక హెచ్చినచో ముక్కు పైకి లేచి రెక్కలకు గాలిపట్టు తప్పు ప్రమాదము కలదు. కావడి మోయువానికి తెలిసిన సంగతియే యిది. ఎండ హెచ్చిన దినమున గాలి పలుచనై, అదే విమానము అదే బరువుతో లేచుటకు ఎక్కువ దూరము పరుగెత్తవలెనట. కుందులు ఇంటనే నిలిచిపోయినవి. జాడీకి అనుమతి దొరకినది.

శుక్రవారము సాయంకాలము ఆమె పనినుండి వచ్చి, వాతావరణ సూచన చూచి, "అమ్మా, రేపు వేకువకు సముద్రము వైపునుండి తేమగాలి వచ్చి మబ్బు బాగుగా క్రిందికి దిగునట్లున్నది. ఇప్పుడే కారులో బయలుదేరుదము. అర్ధరాత్రికి చేరుదుము" అనెను. మేము ఒప్పుకొనలేదు. అందఱికిని చెప్పితిమే, వాతావరణమువారు చెప్పినదంతయు జరుగునా, రాత్రివేళ కారు నడపుట మాత్రము క్షేమమా యని నూఱు చెప్పితిమి. ఆమె కొంతసేపు మాటలాడక, "సరే, వేకువను చూచెదను. అప్పుడు కాదన్నచో కాదు" అనెను.

నాలుగు గంటలకే స్నానము చేసి, పట్టుచీర కట్టి, పులిహోర డబ్బా చేత పట్టుకొని ఆఱుం బావుకు విమానక్షేత్రము చేరితిమి. వానయు లేదు, గాలియు లేదు. దూరమున దీపములు తేటగా కనబడుచున్నవి. పైన మాత్రము బూడిదరంగు మబ్బు మూతవలె బోర్లించియున్నది. మా కంటికి దోషమేమియు కనబడలేదు. ఆమె ఫోనులో చూచి, కంట్రోలు టవరువారి ప్రకటన విని, "మబ్బు 700 అడుగులలో నున్నది. మనము పోము" అనెను.

తరువాత ఆమె చెప్పినదాని సారమిది. ఆమె లైసెన్సు కంటితో నేలను, దిక్చక్రమును చూచుచు నడపుటకు ఇచ్చినది. మబ్బుకు క్రింద 500 అడుగులు, పైన 1000 అడుగులు, ప్రక్కకు 2000 అడుగులు ఎడము ఉండవలెను. మూడు మైళ్ల దూరము కనబడవలెను. జనము నివసించు చోట్ల అన్నిటికంటె ఎత్తైన కట్టడముపైన 1000 అడుగులకు తక్కువ ఎగురరాదు. మబ్బు 700 అడుగులలో నున్నప్పుడు ఈ రెంటి నడుమ త్రోవ యెక్కడిది? మబ్బులో చొచ్చి, ముల్లులు మాత్రము చూచుచు నడపుటకు వేఱు పరీక్ష కలదు. అది ఆమెకు ఇంకను కాలేదు.

సరిగా అప్పుడే మఱియొక చిన్న విమానము రన్‌వేమీద పరుగెత్తి లేచి, మబ్బులో మాయమైనది. "వారు పోవుచున్నారు గదా!" అంటిమి. "వారికి ఆ పరీక్ష అయినదమ్మా." "ప్రత్యేకముగా అనుమతి యడుగరాదా?" అనిరి మావారు. అట్టిదియు ఒకటి కలదట. టవరువారిని అడిగి, వారు సరేయన్నచో, మబ్బు అంటకుండ క్షేత్రము దాటి పోవచ్చును. ఆమె మాటయే ఇచ్చట వ్రాయుచున్నాము: "నాన్నా, అనుమతి మనలను క్షేత్రము దాటించును. మబ్బును పైకెత్తదు."

అంతటితో ఊరకుండవలసినది. మేము ఊరకుండలేదు. "భయమైనచో భయమని చెప్పుము. ఇంత సొమ్ము పోసి నేర్చినది, ముస్తాబై వచ్చిన తల్లిని వెనుకకు త్రిప్పుటకా?" అంటిమి. ఆమె మా మొగము చూచి, "అవునమ్మా, భయమే" అని చెప్పి, ఆవకాయ జాడీ నెత్తి కారులో పెట్టెను.

త్రోవ పొడుగునను ఎవరును మాటలాడలేదు. సగము త్రోవ దాటగానే మబ్బు విచ్చి, అద్దమువంటి నీలాకాశము బయటపడినది. "చూచితివా!" అంటిమి. "ఇప్పుడు విచ్చినదమ్మా. ఆఱుం బావుకు విచ్చలేదు" అనెను. పదునొకండు గంటలకు చేరితిమి. పాలు పొంగించుట యెప్పుడో అయిపోయినది. వ్రతములో కథలు జరుగుచున్నవి. అక్కగారు అందఱి యెదుట, "ఏమే, నీ విమానము చక్రములమీద నడచి వచ్చినదా?" అనిరి. మేము తడుముకొనక, "ఇంజను చెడినది అక్కా" అని అబద్ధమాడితిమి. వెనుకనుండి మా అమ్మాయి గొంతు వినబడెను: "ఇంజను బాగుగనే యున్నది పెద్దమ్మా. ఆకాశము బాగులేదు."

ఇంటికి తిరిగివచ్చిన పిదప నాలుగు దినములు మేము ముభావముగా నుంటిమి. ఐదవ దినమున వంటయింటిలో రిఫ్రిజిరేటరు తలుపునకు అంటించిన కాగితము నొకటి, రోజును చూచుచున్నదే, తీఱికగా చదివితిమి. తేదీ రెండేండ్ల క్రిందటిది. మబ్బు 3000 అడుగులకు తక్కువైనచో పోను. అడ్డగాలి పది నాటులు మించినచో పోను. ఏడు గంటలు నిద్ర లేనిచో పోను. ఇట్లు వరుసగా వ్రాసికొని, చిట్టచివర: "నన్నెవరైనను తొందరపెట్టుచున్నారా?"

ఆమెను పిలిచి అడిగితిమి. చట్టము చెప్పినది అడుగుహద్దు మాత్రమే యట. అంతకుపైన ఎవరి హద్దును వారు, ఏ ప్రయాణపు ఆశయు లేని దినమున, తాపీగా కూర్చుండి వ్రాసికొనవలెనని గురువు చెప్పెనట. ప్రయాణమునకు ముందు నాలుగింటిని పరీక్షించుకొనవలెనని అచ్చట నేర్పుదురు: నడపువారు, విమానము, వాతావరణము, బయటి ఒత్తిడి. మొదటి మూడింటికి కొలతలున్నవి. నాలుగవదానికి కొలత లేదు. ఆ శనివారమునాటి నాలుగవది మేమే.

అప్పుడామె రెండు సంగతులు చెప్పెను. 1954లో ఇల్లినాయి విశ్వవిద్యాలయమువారు, మబ్బులో నడపు శిక్షణ లేని 20 మందిని, మబ్బులో చిక్కుకొన్నట్లు కల్పించి పరీక్షించిరట. ఇరువదిమందియు విమానముపై అదుపు తప్పిరి. సగటున ఒక్కొక్కరికి పట్టిన కాలము 178 సెకండులు. మూడు నిమిషములైనను కాదు. పిల్లలు గిఱ్ఱున తిరిగి ఆగినప్పుడు నేల తిరుగుచున్నట్లు తోచును గదా; చెవి లోపలి ద్రవము చేయు మోసమది. దిక్చక్రము కనబడనప్పుడు విమానము మెల్లగా ఒరిగి తిరుగుచున్నను తిన్నగా పోవుచున్నట్లే శరీరము సాక్ష్యమిచ్చును.

రెండవది అందఱెఱిగినదే. 1999వ సంవత్సరము జూలై 16వ తేదీ రాత్రి, పూర్వపు అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ కుమారుడు తన భార్యను, ఆమె సోదరిని ఎక్కించుకొని, తానే చిన్న విమానము నడపుచు బయలుదేరెను. మబ్బుగాదు, సముద్రముమీద పొగమంచువంటి మసక, చీకటి. దిక్కు తెలియక సముద్రములో కూలి ముగ్గురును మరణించిరి. ఆనాడు ఆయన బయలుదేరుటకు చట్టము అడ్డు చెప్పలేదు. "వారెచ్చటికి పోవుచుండిరో తెలియునా అమ్మా? పినతండ్రి కూతురి పెండ్లికి" అనెను. మాకు నోట మాట రాలేదు. ఆ యింటిలోను ఎవరో పట్టుబట్టలు సవరించుకొని, గడియారము చూచుకొనుచు నుందురు గదా యని తోచినది.

జ్యేష్ఠమాసమున ఒక ఆదివారము వేకువను, గాలి చల్లగా దట్టముగా నున్నప్పుడే, మేము మొదటిసారి ఎక్కితిమి. ఎక్కకముందు, "అమ్మా, వద్దనిపించినచో ఏ క్షణమున నైనను చెప్పుము, దిగిపోవుదము. లేచునప్పుడును దిగునప్పుడును మాత్రము నాతో మాటలాడకుము" అనెను. విమానములో తుది నిర్ణయము నడపువారిదేయని చట్టమట. ఇంటిలో నేండ్ల తరబడి మా మాట చెల్లినది. అచ్చట చెవులకు డిప్పలు తగిలించుకొని చేతులు ముడుచుకొని కూర్చుంటిమి.

ఉత్తరముగా పోయి, ఎఱ్ఱనదికి 1944లో ఆనకట్ట కట్టగా ఏర్పడిన టెక్సోమా సరస్సు చూచితిమి. మన గోదావరి వఱద నీటి రంగే. ఆమె మాత్రము సరస్సు చూచుటకంటె పొలములు చూచుటయే యెక్కువ. ఎందులకని అడుగగా, ఇంజను ఆగినను ఈ విమానము రాయివలె పడదు, అడుగు దిగుటకు సుమారు తొమ్మిది అడుగులు ముందుకు సాగును గనుక, ఎప్పుడును ఒక పొలమును మనస్సులో ఎంచుకొనియే పోవలెననెను. గంటసేపును ఆమె పెదవులు కదలుచునే యున్నవి. ఒక పొలము దాటగానే మఱియొకటి.

దిగునప్పుడు రన్‌వే దగ్గఱకు వచ్చి, ఇక చక్రములు తాకుననగా, ఇంజను హోరుమనిపించి విమానమును మరల పైకెత్తెను. మా ప్రాణములు పైననే పోయినవి. మాటలాడరాదు గనుక మాటలాడలేదు. ఒక చుట్టు తిరిగి వచ్చి, రెండవసారి పక్షి వాలినట్లు దింపెను. అంతయు ఆగిన పిదప, "ఏమైనదే తల్లీ?" అంటిమి. "ఏమియు కాలేదమ్మా. మొదటిది నాకు నచ్చలేదు" అని కాగితము తీసి, ఆపివేయవలసినవన్నియు చదువుకొనుచు ఆపివేసెను.

శ్రావణమున మా అక్కగారు వరలక్ష్మీవ్రతమునకు పిలుచుచు ఫోను చేసి, "ఈసారియైనను విమానములో దిగెదరా?" అనిరి. "గురువారము రాత్రియే కారులో వచ్చెదము అక్కా. అమ్మాయి సెలవు పెట్టినది" అంటిమి. అక్కగారు ఏమేమో అనిరి; నవ్వి ఊరకుంటిమి. కుందుల జతను గూడ ఈసారి తూకము వేయకుండనే కారులో పెట్టించితిమి.